జెండా తాడు ఎవరి చేతికి?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. పారిశుద్ధ్య కార్మికుల జీతాల కేసులు చూసే న్యాయ సహాయ బృందంలో పనిచేస్తున్నాను. నాన్న సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు కాలనీ సంఘం అధ్యక్షుడు. నిరుడు ఆగస్టు 15న తెల్లవారకముందే వచ్చి జెండా దిమ్మె కడిగి, ముగ్గు వేసిన పారిశుద్ధ్య కార్మికురాలు, తీరా జెండా ఎగిరే వేళకు గేటు బయట నిలబడింది. లడ్డూ కూడా అక్కడికే పంపారు. నేను జాతీయ గీతానికి నిలబడ్డాను కానీ పాడలేదు. ఇంటికొచ్చాక, ‘ఆమెది కాని జెండా నాదీ కాదు’ అన్నాను. నాన్న అప్పటి నుంచీ ముక్తసరిగానే మాట్లాడుతున్నారు. తోటి జవాను శవపేటిక మీది జెండాను తన చేతులతో మడిచిన మనిషి ఆయన. ఈసారి వెళితే నేను ఎవరి కోసం పనిచేస్తున్నానో వాళ్లకు ద్రోహం, వెళ్లకపోతే నాన్నకు. ఏం చేయను?

జవాబు: ముందు చిన్న విషయం. పాడకుండా గౌరవంగా నిలబడటం అవమానం కాదు. మత విశ్వాసం వల్ల జాతీయ గీతం పాడలేదని కేరళలో ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేస్తే, 1986లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షానే తీర్పు చెప్పింది. అయితే ఆ తీర్పు తీసుకెళ్లి నాన్నగారి ముందు పెట్టకండి. ఆయన బాధ చట్టంతో తీరేది కాదు. ‘నాది కాదు’ అని మీరన్నది కాలనీవాళ్ల తీరును చూసి. ఆయనకు మాత్రం ఆ మాట శవపేటిక మీద పడినట్టుంది. అంత దెబ్బ తగిలిన మనిషి వాదనకు రాడు, మౌనంలోకి పోతాడు.

ఇక మీ సంగతి. కాస్త కటువుగానే అంటాను, ఏమీ అనుకోకండి. ఇంత ఉత్తరంలో ఆ కార్మికురాలు ఏమనుకుందో ఒక్క ముక్క లేదు. జెండా ఆమెది కాదని తేల్చింది గేటు లోపలివాళ్లు. దాన్నే మీరూ ఒప్పేసుకున్నారు, కోపంతోనే అయినా.

ఆమెలాంటి వాళ్లుండే పేటల్లో జనవరి 26 చిన్న పండుగేమీ కాదు. 1947లో జాతీయ జెండా రూపం తేల్చడానికి రాజేంద్రప్రసాద్ అధ్యక్షతన వేసిన కమిటీలో అంబేడ్కర్ సభ్యుడు. ఆయనే 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో నిలబడి, రాజకీయాల్లో సమానత్వం, సామాజిక, ఆర్థిక జీవితాల్లో అసమానత్వం ఉండే వైరుధ్యంలోకి అడుగుపెడుతున్నామని హెచ్చరించారు. జెండాను తీర్చిన చేయీ, దేశాన్ని నిలదీసిన నోరూ ఒక్కరివే. మీకు ఇది ద్రోహంగా ఎందుకు తోస్తోందో మరి!

2020 ఆగస్టు 15న తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లా ఆత్తుపాక్కంలో పంచాయతీ అధ్యక్షురాలిని, దళితురాలు కాబట్టి, జెండా ఎగరవేయనివ్వలేదు. ఆమె జెండా వద్దనలేదు, ఆ తాడు తన హక్కు అంది. కొద్ది రోజులకే అధికారుల సమక్షంలో ఎగరవేసింది. మీ కాలనీలో తేలవలసిందీ ఆ తాడు సంగతే.

కాబట్టి వెళ్లండి, కానీ ఊరికే వెళ్లొద్దు. మొదట ఆ కార్మికురాలిని కలవండి, అమ్మగారిని వెంటబెట్టుకుని. ఈసారి జెండా మీరు ఎగరవేస్తారా అని అడగండి. ‘నాకెందుకమ్మా ఈ గొడవ’ అంటే బలవంతపెట్టకండి, మీరు సాయంత్రానికి ఇంటికి పోతారు, ఆమె మర్నాడు పొద్దున్నే ఆ గేటు దగ్గరికే రావాలి. కనీసం ముందు వరుసలో కుర్చీ అయినా అడగండి, కార్యక్రమం అయ్యేవరకు కూర్చునే కుర్చీ. అదే కర్రకు దళిత ఉద్యమపు నీలి జెండా కూడా కడదామనే ఆలోచన ఉంటే మానుకోండి. ఒకే కర్రకు రెండు జెండాలు కట్టడం జెండా నియమావళికి విరుద్ధం, ఆ ఒక్క తప్పు పట్టుకుని అసలు మాట పక్కన పెట్టేస్తారు.

ఆమె సరేనంటేనే నాన్నగారి దగ్గరికి వెళ్లండి. నిరుటి గొడవ ఎత్తకండి. పూలరేకులు జారకుండా జెండాను మడవడం, ఒక్క లాగుకు విచ్చుకునేలా ముడి వేయడం ఆయనకు తెలిసినంతగా కాలనీలో ఎవరికీ తెలిసి ఉండదు. ముందు రోజు సాయంత్రం దిమ్మె దగ్గర అరగంట కూర్చుని, ఆ ముడి ఆమెకు నేర్పుతారా అని అడగండి.