పసిబిడ్డ బొంత ఉతకడానికి కుట్టేది

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జికి, పెద్దమ్మ దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

నువ్వు ఫోన్లో అడిగిన బొంత సంగతి నోటితో చెబితే సగం మర్చిపోతావని కాగితం మీద పెడుతున్నాను. మీ అమ్మనే అడగమందామంటే, దానికి సూదిలోకి దారం ఎక్కించడమే చికాకు. నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఏనుగులు, చందమామ, చుట్టూ కుచ్చులు, లోపల దట్టంగా దూది. ముచ్చటగానే ఉంది. కానీ దాన్ని రోజుకు రెండుసార్లు ఉతికి ఆరేయగలవా? పసిబిడ్డ కింద వేసే బొంత ఉతకడానికి కుట్టేది. బట్ట దగ్గర్నుంచి అంచు దాకా ఏది తేల్చుకోవాలన్నా ఆ లెక్కే చూసుకో.

ముందు బట్ట. బాగా కట్టి, ఉతికి మెత్తబడిన నూలు చీరలే కావాలి. మీ అమ్మమ్మ కట్టి వదిలిన బండారులంక నేత చీరలు పాలకొల్లు ఇంట్లో ఉండాలి, అడుగు. మీ పెదనాన్న పాత పంచెలు నేను పంపిస్తాను. పాత బట్ట బిడ్డ ఒంటికి గీరుకోదు. పైగా అది కుంచించుకోవలసినంతా ఎప్పుడో కుంచించుకుపోయి ఉంటుంది. కొత్త నూలుబట్ట ఒక్క పొర పెట్టినా మొదటి ఉతుకుకే అది ముడుచుకుని మిగతా పొరల్ని లాగేస్తుంది, బొంతంతా ఉబ్బులు తేలుతుంది. కొత్తది పెట్టక తప్పదనుకుంటే రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఉతికి ఆరేసి అప్పుడు కత్తెర పెట్టు. చీర నూలో కాదో అనుమానం వస్తే ఒక పోగు లాగి కాల్చి చూడు. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది. కరిగి ముద్దకట్టి గట్టిపడితే పాలిస్టర్ కలిసినట్టే, అది తడి పీల్చదు.

మధ్యలో ఉప్పాడ జాందానీ ముక్క పెడతానన్నావు. వద్దమ్మా. జరీ పిల్లవాడికి గీరుకుంటుంది, పట్టు రోజూ ఉతుకులకు ఆగదు. ఆ చీర బారసాల నాడు నువ్వు కట్టుకో.

ఇంకో మాట, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. పెట్టెలో కలరా ఉండలు వేసి దాచిన చీర అయితే ముట్టుకోకు. అందులో ఉండే నాఫ్తలీన్ బట్టలోకి దిగుతుంది. జీ సిక్స్ పీడీ అనే ఎంజైము తక్కువగా ఉన్న పిల్లలు కొందరు పుడతారు, చూస్తే తెలీదు. అలాంటి బిడ్డకు ఆ వాసన పడితే రక్తంలో ఎర్రకణాలు పగిలి కామెర్లు ముదిరిపోతాయి. ఉతికి ఎండలో వేస్తే పోతుందిలే అని సరిపెట్టుకోవద్దు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆ వాసన తగిలిందా, పక్కన పడెయ్. కుట్టిన బొంతల్ని దాచేటప్పుడు కూడా ఎండు వేపాకు మూట చాలు. పెట్టెల్లో ఉండలు వెయ్యడం మీ అత్తగారికి అలవాటైతే ముందే చెప్పి ఉంచు.

ఇక కొలత. ఒకటిన్నర మూర వెడల్పు, రెండు మూరల పొడవు, అంటే 27 అంగుళాలకు 36. అంతకంటే పెద్దది పిండటం కష్టం. చీర అడ్డానికి అంచులు తీసేసి, మడతలకు కాస్త పోయినా 36 అంగుళాలు మిగులుతుంది. ఐదున్నర మీటర్ల చీరలో అలాంటి ముక్కలు ఏడు వస్తాయి. ఏడూ పనికిరావు. ఒక్కో ముక్కను కిటికీ దగ్గర వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడు. కూర్చునే చోటా, మడమలు తగిలే కింది అంచు దగ్గరా పోగులు పలచబడి అవతల కొబ్బరిచెట్టు కనబడుతుంది. బొడ్లో దోపుకునే లోపలి చెరగు మాత్రం గట్టిగా ఉంటుంది. దాన్ని పై పొరకు దాచు. పలచటి ముక్కల్ని మధ్యలో పెట్టచ్చు, వేలుపెట్టి లాగితే చిరిగేవైతే పెట్టకు. మొత్తం మీద ఒక చీరకు ఒక బొంత అనుకో.

పొరలు నాలుగు చాలు. నీకు శ్రావణంలో పురుడు. మన వైపు ఆ రోజుల్లో ఎండ మొహం చూపించదు, వరండాలో తీగ మీద వేసిన బట్ట సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉంటుంది. ఆరు పొరలు వేశావంటే లోపల తడి ఆరక ముక్కవాసన పడుతుంది. మందంగా ఒకటి కుట్టే బదులు పలచగా మూడు కుట్టు. ఒకటి బిడ్డ కింద, ఒకటి తీగ మీద, ఒకటి అలమరలో.

దూది అసలే వద్దు. నాలుగు ఉతుకులకే ఉండలు కడుతుంది. బూరుగుదూది అయితే మరీ మెత్తన, బిడ్డ బోర్లా తిరిగితే మొహం అందులో కూరుకుపోతుంది. పిల్లల డాక్టర్లు ఇప్పుడు చెప్పేది ఒకటే: బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి, కింద పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి, ఏడాది నిండేదాకా పక్కలో దిండుగానీ దుప్పటిగానీ ఉండకూడదు. అందుకని ఈ బొంత కిందకే, మీద కప్పడానికి కాదు. ముడతలు లేకుండా పరిచి, అంచులు పరుపు కిందకి దోపు. చలిగా ఉందనిపిస్తే ఇంకో చొక్కా తొడుగు. దోమలకు దోమతెర ఉంది. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు కుట్టుకొస్తారు ఎవరో ఒకరు, తీసుకుని నవ్వి లోపల పెట్టెయ్.

పై పొర లేతరంగుదై ఉండాలి. పాలు కక్కిన చోటికి చీమలు వస్తాయి. ముదురు పువ్వుల చీర మీద ఎర్రచీమ కనబడదు, బిడ్డ ఏడ్చాక వెతుక్కోవాలి. మీ పెదనాన్న పంచె పైన వేసుకో.

కుట్టే రోజున చాప పరిచి, అడుగు ముక్క వేసి, అరచేత్తో మధ్య నుంచి బయటికి నిమిరి, దాని మీద రెండోది, అలా నాలుగూ పేర్చు. మూలల మీద బరువులు పెట్టు. ముందు పెద్ద పెద్ద టాకాలు వెయ్యాలి, అవీ మధ్య నుంచే మొదలుపెట్టి నాలుగు వైపులకీ. అంచు నుంచి మొదలుపెడితే వదులంతా నడిమికి చేరి అక్కడ పొంగు వస్తుంది, తర్వాత ఏం చేసినా పోదు. గుండుసూదులు వాడకు. ఇంట్లో ఉన్న సూదులు ఎన్నో లెక్క పెట్టుకుని కూర్చుని, లేచేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టు. అంతా అయ్యాక ఒక అయస్కాంతం బొంత రెండు వైపులా నడిపిస్తే మనశ్శాంతి.

టాకాలయ్యాక అసలు కుట్టు. సూది పైకీ కిందకీ పోయే సాదా కుట్టే, వరసకూ వరసకూ మధ్య బొటనవేలి వెడల్పు. ఒక్కో కుట్టు వడ్లగింజకు మించకూడదు. అందం కోసం కాదు ఈ పట్టింపు. కుట్టు పొడుగై వదులుగా ఉంటే పసివాళ్ళ కాలివేలు ఆ దారంలో ఇరుక్కుంటుంది, దారం బిగిసి వేలు వాచిపోతుంది. అప్పుడు బిడ్డ ఎందుకు ఏడుస్తోందో ఎవరికీ అంతుపట్టదు. ఉతికిన ప్రతిసారీ బొంత మీద అరచెయ్యి నడిపి చూసుకో, లేచిన దారం తగిలితే కత్తిరించి ఆ చోట మళ్ళీ కుట్టు. పాత నూలుకు నూలు దారమే వాడు. మూరన్నర కంటే పొడుగు తీస్తే చిక్కులు పడుతుంది. ముడి పైకి కనబడకుండా పొరల మధ్యకు లాగెయ్. దారం బిగదీసి లాగకు, బట్ట ముడుచుకుంటుంది. నాలుగు పొరల్లోంచి సూది గుచ్చేటప్పుడు వేలు నొప్పెడుతుంది, మెడికల్ టేపు చుట్టుకో.

అంచుకు పై ముక్కనూ అడుగు ముక్కనూ లోపలికి మడిచి దగ్గర దగ్గరగా కుట్టు. ముందు ఊడే చోటు మూలే, అక్కడ రెండు సార్లు తిప్పు. బొత్తాలు, పూసలు, చమ్కీలు, రిబ్బన్లు ఏమీ వద్దు. పేరు కుట్టుకోవాలని సరదాగా ఉంటే అడుగువైపు ఒక మూల రంగుదారంతో కుట్టుకో, కాదనను.

నేల మీద గంటలకొద్దీ కూర్చోకు, నీకు కాళ్ళు నీరు పడుతున్నాయని మీ అమ్మ చెప్పింది. గోడకు ఆనుకుని రెండు వరసలు కుట్టి లేచి నడువు. గ్రహణం రోజున సూది పట్టొద్దని మీ అత్తగారంటే పట్టకు, ఒక్కరోజుకు బొంతేమీ పారిపోదు.

ఉతకడం: మరక పడగానే చల్లటి నీళ్ళలో నానబెట్టి, తర్వాత మామూలు సబ్బుతో ఉతుకు. బట్ట మెత్తబడాలని పోసే వాసన లిక్విడ్ పొయ్యకు, నూలు తడి పీల్చడం మానేస్తుంది. సెలవులకు ఇక్కడికి వచ్చినా కాలవలో జాడించకు. మా రోజులు వేరు, ఇప్పుడు చేపల, రొయ్యల చెరువుల నీళ్ళు కాలవల్లోకే వదులుతున్నారు. కుళాయి నీళ్ళు మేలు.

పంచెలు రెండు ఆదివారం భీమవరం బస్సులో వేయిస్తాను, మీ ఆయన్ని స్టాండుకు పంపు. ఇప్పుడు ఎండలు మాడుస్తున్నాయి, చీరలన్నీ ఈ వారంలోనే ఉతికి ఆరేసుకో. పొరలు పేర్చి టాకాలు వేశాక, కుట్టు మొదలుపెట్టకముందే నాకు వీడియో కాల్ చెయ్యి. పొంగులుంటే అప్పుడే విప్పిస్తాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ