రోమన్ చరిత్రకారులు శకునాల గురించి అంతెందుకు రాశారు అంటే...

మీరు అడిగింది ఇదీ: రోమన్ చరిత్రకారులు అధికారం గురించీ అంతర్యుద్ధాల గురించీ అంత పదునుగా రాస్తూ మధ్యలో శకునాలు, జోస్యాలు, బలులు ఎందుకు తెచ్చిపెట్టారు, నిజంగా నమ్మారా, వాళ్లు రాసింది మనం నమ్మొచ్చా అని.

నేను చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ణి కాదు. చాలా ఏళ్లు ఒక తెలుగు దినపత్రికలో సబ్ ఎడిటర్‌గా చేశాను. సిటీ ఎడిషన్ ప్రింటింగ్‌కి వెళ్లాక ఆఫీసు వ్యాన్ వచ్చేదాకా ఖాళీగా ఉండేది, ఆ టైంలో టాసిటస్‌ని, తర్వాత సువెటోనియస్‌ని ఇంగ్లీషు అనువాదాల్లో చదివాను (ఇద్దరూ చక్రవర్తుల కాలపు రోమన్ చరిత్రకారులు). పొద్దస్తమానం "విశ్వసనీయ వర్గాల భోగట్టా" అనే కాపీలు దిద్దినవాడికి వీళ్లు తొందరగానే అర్థమవుతారు. నాకు తోచిందేంటంటే, కుర్చీ కోసం జరిగే కొట్లాటలో ఎవడి బుద్ధి ఏంటో చూపించడానికి వాళ్లకి దేవుడి సంగతులే బాగా పనికొచ్చాయి. శకునం నిజమా కాదా అన్నది పెద్దగా తేల్చరు. అది ఎవరి చెవిన పడింది, వాడు దాన్ని ఎలా వాడుకున్నాడు అన్నది మాత్రం వదలరు.

టాసిటస్ "హిస్టరీస్"తో మొదలుపెట్టండి. క్రీ.శ. 68లో నీరో పోయాక, 69 ఒక్క ఏడాదిలోనే రోమ్‌కి నలుగురు చక్రవర్తులు: గాల్బా, ఓథో, విటెల్లియస్, వెస్పాసియన్. పుస్తకం మొత్తం మనదాకా రాలేదు, నాలుగు భాగాలూ ఐదోదాంట్లో కొంతా మిగిలాయి, అదంతా 69, 70 సంవత్సరాల కథకే సరిపోయింది.

ఆ 69 జనవరి 15 పొద్దున గాల్బా అపోలో గుడి ముందు బలి ఇస్తున్నాడు. బలిపశువు లోపలి అవయవాలు చూసి ఫలితం చెప్పే ఉంబ్రిసియస్ అనే ఆయన, లక్షణాలు బాలేవు, కుట్ర జరుగుతోంది, శత్రువు ఇంట్లోనే ఉన్నాడు అన్నాడు. ఆ శత్రువు ఓథో పక్కనే నిలబడి వింటున్నాడు! గాల్బాకి కీడంటే నాకు మేలే కదా అని లోలోపల లెక్కేసుకున్నాడు. ఇంతలో అతని మనిషి ఒకడొచ్చి, ఆర్కిటెక్టూ కాంట్రాక్టర్లూ మీ కోసం చూస్తున్నారు అన్నాడు (సైనికులు రెడీ అనడానికి ముందే అనుకున్న గుర్తు అది). ఎక్కడికని అడిగినవాళ్లకి, పాత ఇల్లొకటి కొంటున్నాను, గట్టిగా ఉందో లేదో చూపించుకోవాలి అని చెప్పి ఓథో జారుకున్నాడు. తీరా ఫోరం (రోమ్ నడిబొడ్డున ఉన్న మైదానం) దగ్గర అతన్ని చక్రవర్తీ అని పిలవడానికి వచ్చిన సైనికులు 23 మంది. ఇంతమందేనా అని ఓథోకే గుండె జారింది. అయినా చీకటి పడేలోపు గాల్బా తల ఈటెకెక్కింది.

ఉంబ్రిసియస్ చెప్పింది అక్షరాలా జరిగింది, అయినా దేవుడు హెచ్చరించాడు అని టాసిటస్ రాయడు. ఒకే మాటని ఇద్దరు విన్నారు, ఒకడు చచ్చాడు, ఇంకొకడు గద్దెనెక్కాడు, అంతే. ఓథోని ఎగదోసినవాళ్లలో టాలెమీ అనే జ్యోతిష్కుడు కూడా ఉన్నాడు. నీరో కంటే నువ్వే ఎక్కువకాలం బతుకుతావు అని ముందు చెప్పాడు, అది నిజమయ్యేసరికి చక్రవర్తివీ అవుతావు అన్నాడు. అక్కడ టాసిటస్ ఒక చురక వేస్తాడు: ఈ జాతకాలవాళ్లు పెద్దలకి ద్రోహం చేస్తారు, ఆశపడేవాళ్లని మోసం చేస్తారు, మన ఊళ్లో వీళ్లని ఎప్పుడూ నిషేధిస్తూనే ఉంటాం, ఎప్పుడూ ఉంచుకుంటూనే ఉంటాం. ముహూర్తం చూసుకుని నామినేషన్లు వేసే సీజన్లో డెస్కులో పనిచేసినవాళ్లు ఎవరైనా ఇక్కడ నవ్వకుండా ఉండలేరు.

అలాగని ఆయన్ని నాస్తికుల్లో కలిపేయకండి. సిబిలీన్ గ్రంథాలు (రోమన్ల పవిత్ర జోస్యాల పుస్తకాలు) చూసుకునే పదిహేనుమంది అర్చకుల బృందంలో టాసిటస్ కూడా ఒకడు, 88లో డొమిషియన్ చక్రవర్తి జరిపించిన మహోత్సవాల పనుల్లో తనూ ఉన్నానని తన ఇంకో పుస్తకం "ఆనల్స్"లో ఆయనే రాసుకున్నాడు. కార్యం జరిపించినవాడికి తెర వెనక సంగతులు కూడా తెలుస్తాయి కదా.

ఇక వెస్పాసియన్ ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఉన్నప్పటి ఉదంతం. నాకైతే పుస్తకం మొత్తంలో ఇదే ఇష్టం. ఒక గుడ్డివాడు, చెయ్యి పనిచేయని ఇంకొకడు, సెరాపిస్ దేవుడు పంపాడంటూ వచ్చారు. ఒకడి కళ్లకి వెస్పాసియన్ ఉమ్మి రాయాలి, రెండోవాడి చేతిని కాలితో తొక్కాలి. ముందు నవ్వేశాడు. తర్వాత డాక్టర్లని పిలిపించి అడిగాడు! చూపు పూర్తిగా పోలేదు, అడ్డు తొలిగితే రావచ్చు, ఈ చెయ్యి కీళ్లు తప్పింది, సరిగ్గా నొక్కితే కుదురుకోవచ్చు అని వాళ్లన్నారు. పైగా, నయమైతే పేరు మీకు, కాకపోతే నవ్వులపాలయ్యేది ఈ ఇద్దరూ అన్నారట. కిక్కిరిసిన జనం ముందు ఆ పని చేశాడు, నయమైంది. అబద్ధం చెప్పి లాభం లేని ఈ రోజుల్లో కూడా, చూసినవాళ్లు ఇదే చెప్తున్నారు అని టాసిటస్ ముగిస్తాడు. ఇదే కథ సువెటోనియస్ దగ్గర చూడండి, చెయ్యి బదులు కాలు. కానీ అసలు విషయం ఆయనే సూటిగా చెప్పాడు: అనుకోకుండా గద్దెనెక్కిన కొత్తవాడు కాబట్టి వెస్పాసియన్‌కి ఇంకా పెద్దరికం రాలేదు, దీంతో అదీ వచ్చింది అని.

అంతర్యుద్ధం గురించి రాసేటప్పుడు టాసిటస్ ఎక్కువ అరవడు. గెలిచినవాళ్ల వైపు మామూలు గుర్రపు సైనికుడు ఒకడు, మొన్నటి పోరులో తోడబుట్టినవాణ్ణి చంపాను, బహుమతి ఇప్పించండి అని సేనానుల దగ్గరికి వచ్చాడు. ఇవ్వడానికి మనసొప్పలేదు, శిక్షిద్దామంటే యుద్ధ ధర్మం అడ్డం. చివరికి, నీకు రావాల్సింది ఇప్పటికిప్పుడు ఇచ్చేదాని కంటే పెద్దదయ్యా అని వాయిదా వేసి పంపేశారు. దాని పక్కనే, సిసెన్నా అనే పాత చరిత్రకారుడు రాసిన సంగతి ఒకటి పెడతాడు: అంతకు ముందు తరాల అంతర్యుద్ధంలో ఒకడు ఇలాగే తన అన్నదమ్ముణ్ణి చంపి, ఎవరో తెలిశాక తననీ పొడుచుకున్నాడు. రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టేశాక ఇంక వ్యాఖ్యానం ఎందుకు? డిసెంబరులో రోమ్ వీధుల్లోనే కొట్లాట జరిగితే, జనం ఆట చూసినట్టు చూస్తూ చప్పట్లు కొట్టారు, ఒక పక్క శవాలు, ఇంకో పక్క తెరిచే ఉన్న స్నానశాలలు, మద్యం దుకాణాలు. కాపిటోల్ కొండ మీద జూపిటర్ గుడి కాలిపోయింది అప్పుడే. బయటి శత్రువు ఎవరూ లేకుండా మనకి మనమే తగలబెట్టుకున్నాం అన్నదే ఆయన బాధ.

టాసిటస్‌ని నమ్మొచ్చా అంటే, జాగ్రత్తగా. తన పదవులు వెస్పాసియన్‌తో మొదలై, అతని కొడుకులు టైటస్, డొమిషియన్ల కాలంలో పెరిగాయని మొదట్లోనే చెప్పేస్తాడు, అది మెచ్చుకోవాలి. కానీ గుసగుసల్ని వాడుకోవడంలో మహా గడుసు. మొదటి చక్రవర్తి అగస్టస్ జబ్బు ముదిరినప్పుడు కొందరు భార్య మీద అనుమానపడ్డారు అని ఒక ముక్క అంటాడు, నేనన్నాను అనడు, ఖండించడు, ముందుకెళ్లిపోతాడు. ఆ మరక చదివేవాడి మనసులోంచి పోదు. ఇలాంటి కాపీలు నా టేబుల్ మీదికి ఎన్నొచ్చాయో!

స్వయంగా యుద్ధం చేసినవాడు రాస్తే ఇంకో రకం. సీజర్ తన పుస్తకంలో క్రీ.పూ. 49 నాటి దండయాత్ర గురించి రాస్తూ రూబికాన్ నది పేరే ఎత్తడు (సైన్యంతో ఆ నది దాటి ఇటలీలోకి రావడం చట్టవిరుద్ధం). సువెటోనియస్ కథలో మాత్రం ఒడ్డున ఒక దివ్యమైన ఆకారం పిల్లనగ్రోవి ఊదుతూ కనిపించి, ఒక సైనికుడి బాకా లాక్కుని ఊదుకుంటూ ఆవలి ఒడ్డుకి వెళ్తుంది. చట్టాన్ని దాటినవాడు నది ఊసెత్తడు, దాదాపు నూట డెబ్బై ఏళ్ల తర్వాత రాసినవాడి దగ్గర దేవతలే దారి చూపిస్తారు. ఆ యుద్ధాల చరిత్ర రాయబోయిన పోలియోని, నివురుగప్పిన నిప్పు మీద నడుస్తున్నావు అని హొరేస్ అనే కవి హెచ్చరించింది ఊరికే కాదు. క్రీ.శ. 25లో, బ్రూటస్‌ని పొగిడి, కాసియస్‌ని ఆఖరి రోమన్ అన్నందుకు (ఆ ఇద్దరూ సీజర్‌ని చంపిన కుట్రలో ముఖ్యులు) క్రెముటియస్ కార్డస్ అనే చరిత్రకారుడి మీద కేసు పెట్టారు, ఆయన తిండి మానేసి ప్రాణం వదిలాడు, పుస్తకాలు తగలబెట్టించారు.

ఒక్క విషయం. "హిస్టరీస్" ఐదో భాగంలో యూదుల గురించి రాసిన చోట టాసిటస్‌ని అస్సలు నమ్మకండి, గాడిద బొమ్మని పూజిస్తారు లాంటి పుకార్లన్నీ ఎక్కించాడు. దాని పక్కన జోసెఫస్ "యూదుల యుద్ధం" పెట్టుకోండి. ఆయన యూదు అర్చకుడు, 67లో రోమన్లకి పట్టుబడి, నువ్వు చక్రవర్తివవుతావు అని వెస్పాసియన్‌కే జోస్యం చెప్పి బతికిపోయినవాడు, కాబట్టి ఆయన్నీ కొంచెం కనిపెట్టుకునే చదవాలి.