పెరటితోట: ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఏటా దసరా దాటాక టమాటా, కాలీఫ్లవర్ నారు పోస్తాను. నాలుగాకులు రాకముందే మొలకలు పడిపోతున్నాయి. మిగిలిన కాలీఫ్లవర్ మొక్కలకు నిమ్మకాయంత పువ్వు వచ్చి ఆగిపోతోంది. మాది ఇసుక కలిసిన ఎర్రనేల. – ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఇవి రెండూ వేర్వేరు జబ్బులు. పడిపోయిన మొలకను పీకి చూడండి. నేలను ఆనుకునే చోట కాడ నల్లబడి దారంలా సన్నబడి ఉంటే అది నారుకుళ్లు. మన కోస్తాలో మొక్కలకు చలి బాధ పెద్దగా లేదు. అక్టోబరు, నవంబరు నెలల ముసురే వాటిని చంపుతుంది. ఇసుక నేల కదా, నీరు ఇంకిపోతుందిలే అనుకోకండి. వాన వెలిసిన గంటకు జానెడు గుంట తీసి చూడండి. అడుగున నీళ్లు ఊరుతుంటే కింద గట్టి పొర ఉన్నట్టే.

అందుకని మడిని 3 అడుగుల వెడల్పున, కనీసం అరడుగు ఎత్తున లేపండి. చుట్టూ కాలువ తీసి, వీధి వైపుకు వాటం ఇవ్వండి. వానలకు పది రోజుల ముందే 9 కిలోల మాగిన పశువుల ఎరువు, కిలో వేపపిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా (కుళ్లు తెగుళ్లను అణిచే మేలు శిలీంధ్రం) పొడి కలిపి, చేత్తో పిడికిలి పడితే ముద్ద కట్టేంత తడి చేయండి. నీడలో గోనెపట్టా కప్పి ఉంచి, మధ్యలో ఒకసారి తిరగేయండి. పచ్చి పేడ వాడితే చీడలకు విందు పెట్టినట్టే. మాగిన ఈ మిశ్రమాన్ని చదరపు మీటరుకు 2 కిలోల చొప్పున పైమట్టిలో కలపండి.

విత్తనాలు వెదజల్లొద్దు. రెండంగుళాల ఎడంతో సాళ్లు గీసి, అర సెంటీమీటరు లోతున పలచగా వేయండి. కుళ్లు కనబడితే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (రాగి మందు) కలిపి మొదళ్లు తడపండి. ఆ మందు పోసిన మడిలో ట్రైకోడెర్మా వెంటనే వేయకండి, రాగి దాన్నీ చంపేస్తుంది.

ఇక నిమ్మకాయంత కాలీఫ్లవర్ పువ్వు సంగతి. ముదురు నారు నాటినా, మొక్క ఎదిగే రోజుల్లో నత్రజని చాలకపోయినా ఆకులు పెరగకుండానే పువ్వు కట్టేస్తుంది. 25 రోజుల నారునే అడుగున్నర ఎడంతో నాటండి. నాటిన నెలకు చదరపు మీటరుకు 10 గ్రాముల యూరియా, మొదలుకు తగలకుండా వేయండి. స్నోబాల్ రకాల జోలికి పోకండి, వాటికి మన దగ్గర లేనంత చలి కావాలి. పూసా దీపాలీ లాంటి తొందర రకాలు నయం.

ప్రశ్న: మా బోరు నీళ్లు ఉప్పన. బీన్స్ ఆకుల అంచులు మాడిపోతున్నాయి. జిప్సం వేయమంటున్నారు. – ఒక పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: ముందు నేల చూడండి. ఎండాక పైన తెల్లటి పొర వస్తే పాలచౌడు. దానికి జిప్సం పనిచేయదు, మంచినీళ్లతో ఉప్పును కిందికి కడగాల్సిందే. కారుచౌడుకే (సోడియం ఎక్కువై గట్టిపడే క్షార నేలకే) జిప్సం. ఎంత వేయాలో మట్టి పరీక్ష చేయించాకే తేలుతుంది.

ఉప్పుకు బీన్స్, క్యారెట్, ఉల్లి తట్టుకోలేవు. బీట్‌రూట్, పాలకూర చాలావరకు ఓర్చుకుంటాయి. బీట్‌రూట్ కూడా మొలకెత్తే వారం మాత్రం ఓర్వదు, అప్పుడు వాన నీళ్లే పోయండి. డాబా నీళ్లను రెండు డ్రమ్ముల్లో పట్టి ఉంచుకుంటే చాలు. పెద్ద వాన పడి మట్టిలోని ఉప్పు కిందికి కడుక్కుపోయిన వెంటనే విత్తడం ఇంకా మంచిది. సాయంత్రం పూట కొంచెం కొంచెంగా చల్లకండి. ఉప్పంతా పైనే పేరుకుంటుంది. రోజు విడిచి రోజు నిండుగా పెట్టండి.

ప్రశ్న: చిక్కుడు పాదు పందిరంతా కమ్మింది, అక్టోబరు వచ్చినా పూత లేదు. – ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: నాటు చిక్కుడైతే పగటి పొద్దు తగ్గితేగానీ పూయదు. ఎరువు ఆపండి, ముఖ్యంగా యూరియా. కొసలు తుంచండి. పూత వచ్చాక పేనుబంక పట్టడం ఖాయం. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి, సాయంత్రం పూట ఆకుల అడుగున కొట్టండి.