సేఫ్టీ మార్క్ స్టికర్ చూసి కొన్నాం, ఇప్పుడు డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మేం సింగపూర్ పీఆర్‌లం (అక్కడ శాశ్వత నివాస అనుమతి ఉన్నవాళ్లం). మా జిల్లా ఆయన దగ్గర ఇండియా కంపెనీ రైస్ కుక్కర్లు హోల్‌సేల్‌లో కొని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. ఇలాంటి కరెంటు వస్తువులకి ఇక్కడ తప్పనిసరైన సేఫ్టీ మార్క్ ఉందని ఆయనే చెప్పారు. ఆ మార్క్ రిజిస్ట్రేషన్ వేరే సప్లయర్‌దని వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ అధికారులు అమ్మకం ఆపేయమన్నారు. సొంత అన్నలా నమ్మాం, ఇప్పుడు ఫోన్ ఎత్తట్లేదు. ఏం చెయ్యాలి?

జవాబు: ఆయన మీకు అన్నలాంటి వాడా కాదా అనేది కోర్టుకి అక్కర్లేదండీ. సరుకు మీ చేతికి ఏ రోజు వచ్చిందన్నదే ముఖ్యం. మీరు పంపిన డెలివరీ చలాన్ ప్రకారం 22 నెలలు దాటిపోయింది. చిన్న మొత్తాల గొడవలు తేల్చే స్మాల్ క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌లో 2 ఏళ్లలోపే క్లెయిమ్ వెయ్యాలి, అంటే మీకు మిగిలింది రెండు నెలలు కూడా లేదు. అది దాటితే మెజిస్ట్రేట్ కోర్టులో 6 ఏళ్ల దాకా టైమ్ ఉంటుంది కానీ లాయర్ ఫీజులతో కలిపి చూస్తే మీ అమౌంట్‌కి గిట్టదు. ట్రైబ్యునల్‌లో 20 వేల సింగపూర్ డాలర్ల దాకా వెయ్యొచ్చు, లాయర్లని రానివ్వరు, మీరే మాట్లాడుకోవాలి.

స్టికర్ ఫోటో పెద్దది చేసి చూశాను. 8 అంకెల నంబర్ ఉంది, సరే, కొనేముందు ఆ నంబర్ ఎవరి పేరు మీద, ఏ మోడల్‌కి ఉందో ఆన్‌లైన్‌లో ఒక్కసారి వెతికితే అయిపోయేది కదా! వ్యాపారం చేసేవాళ్లు ఇంత అజాగ్రత్తగా ఉంటే ఎలా? సింగపూర్‌లో రిజిస్ట్రేషన్ సప్లయర్ పేరు మీద ఉంటుంది, అదే మోడల్‌ని ఇంకొకరు వేరే దారిలో తెప్పిస్తే వాళ్లు మళ్లీ సొంతంగా చేయించుకోవాల్సిందే. మన ఐఎస్ఐ మార్క్ అక్కడ చెల్లదు.

మిగిలిన కుక్కర్లు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో సగం రేటుకి తీసేద్దామా అని చివర్లో అడిగారు. వద్దు, అస్సలు వద్దు. గ్రూపులో అమ్మినా అమ్మకమే, పైగా నోటీసు వచ్చాక తెలిసి అమ్మినట్టు అవుతుంది. 10 వేల డాలర్ల దాకా జరిమానా, 2 ఏళ్ల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. వైర్‌లో లోపం ఉండి ఎవరింట్లోనైనా షాక్ కొడితే అప్పుడు మీ అన్నగారు రారు, బిల్లు మీద ఉండేది మీ పేరే.

ఈ వారమే చెయ్యాల్సినవి చెప్తా. "సేఫ్టీ మార్క్ ఉంది" అని ఆయన పెట్టిన వాట్సాప్ మెసేజ్‌ని ఆయన ఫోన్ నంబర్, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి, చాట్ మాత్రం డిలీట్ చెయ్యొద్దు. పేనౌలో (ఫోన్‌లో బ్యాంకు నుంచి డబ్బు పంపే పద్ధతి) కట్టిన రికార్డు బ్యాంకు నుంచి తీసుకోండి, క్యాష్‌లో ఇచ్చినదానికి రసీదు లేకపోతే "అందింది" అని ఆయన పెట్టిన మెసేజ్ ఏదైనా ఉందేమో వెతకండి. బిల్లు మీద యూఈఎన్ నంబర్ (సింగపూర్‌లో వ్యాపారాలకిచ్చే రిజిస్ట్రేషన్ నంబర్) ఆయనదా, ఆయన కంపెనీదా చూసుకోండి, కంపెనీదైతే క్లెయిమ్ కంపెనీ మీదే వెయ్యాలి. మిగిలిన సరుకు స్టికర్లు పీకకుండా అలాగే ఉంచండి, అదే మీ సాక్ష్యం. అధికారులకి ఎవరి దగ్గర కొన్నారో దాచకుండా చెప్పండి, మీ దగ్గర ఇప్పటికే కొన్నవాళ్లకి వాడొద్దని మెసేజ్ పెట్టండి. డబ్బు వెనక్కి ఇమ్మని ఆయనకి ఏడు రోజుల గడువుతో ఈమెయిల్ పంపండి, జవాబు రాకపోతే ఎనిమిదో రోజు ట్రైబ్యునల్‌లో ఆన్‌లైన్ క్లెయిమ్ వేసెయ్యండి, రాజీ మాటలు దాని తర్వాత.