కాలిపర్ స్ప్రింగు: ఎంత బిగువు, ఎటువైపు?

ప్రశ్న: మోకాలి పక్కన నరం దెబ్బతిని మా నాన్నగారి కుడి పాదం వేలాడిపోతోంది. బూటుకు బిగించే స్ప్రింగు కాలిపర్ (కాలికి ఆసరాగా రెండు పక్కలా కడ్డీలుండే పరికరం) ఇచ్చారు. వేళ్లు నేలకు తగులుతున్నాయని స్క్రూ బాగా బిగించాం. ఇప్పుడు మడమ ఆనించగానే మోకాలు ముందుకు మడుచుకుపోతోంది. ఇంకా గట్టి స్ప్రింగు వేయించాలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వద్దు. ఉన్నదాన్నే వదులు చేయించండి. మీరు చెప్పినదాన్నిబట్టి అది క్లెన్‌జాక్ జాయింటు. చీలమండ దగ్గర వెనకవైపు సన్నని గాడి, అందులో అడుగున ఉక్కు గుండు, దానిమీద స్ప్రింగు, పైన ఆలెన్ కీతో తిప్పే స్క్రూ ఉంటాయి. మడమ ఆనగానే పాదం కొద్దిగా కిందికి వాలాలి. అప్పుడు స్ప్రింగు నలిగి చోటిస్తుంది, కాలు ఎత్తగానే సాగి వేళ్లను లేపుతుంది. స్క్రూ మరీ దిగితే స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనుకుపోతాయి. ఇక నలగడానికి చోటుండదు, కడ్డీ వేసినట్టే. పాదం వాలలేదు కాబట్టి పిక్కఎముక ముందుకు తోసుకొచ్చి మోకాలిని మడిచేస్తుంది.

కాలికి రెండు పక్కలా ఉన్న జాయింట్ల స్క్రూలను సమానంగా, అరచుట్టు చొప్పున వదులుచేస్తూ, ప్రతిసారీ నాలుగడుగులు నడిపించి చూడాలి. కాలు గాలిలో ఉన్నప్పుడు బూటు కొన నేలకు రాసుకోకపోతే చాలు. పాదం పైకి లేచి కనిపించాలని పట్టుబట్టకండి, ఎక్కువమంది అతిగా బిగించేది అక్కడే. ఆ బిగువులో కూడా మోకాలు తొణికితే బూటు మడమ వెనక అంచును ఏటవాలుగా చెక్కించండి, లేదా మడమలో మెత్తటి రబ్బరు వేయించండి.

ఇంకొకటి. ఏదైనా పట్టుకుని ఆ ఒక్క కాలిమీద నిలబడి మడమ ఎత్తగలరేమో చూడండి. ఎత్తలేకపోతే పిక్క కండరం కూడా బలహీనపడిందన్నమాట. అలాంటప్పుడు వెనక స్ప్రింగు ఒక్కటీ సరిపోదు. ముందూ వెనకా రెండు గాడులున్న జాయింటు వేసి, ముందు గాడిలో పిన్ను పెట్టి పిక్కఎముక ముందుకు వాలిపోకుండా ఆపుతారు.

ప్రశ్న: పక్షవాతం తర్వాత మా అమ్మగారి పాదం కిందికి బిగుసుకుపోయింది. బలమైన స్ప్రింగు వేయమంటే టెక్నీషియన్ కుదరదన్నారు.
– విజయనగరం

జవాబు: ఆయన చెప్పిందే సరైనది. బిగుసుకున్న పిక్క కండరాన్ని స్ప్రింగు అడుగడుగునా సాగదీస్తుంటే బిగువు పెరగవచ్చు, పాదం టకటకా అదరడం కూడా మొదలవవచ్చు. ఇలాంటి కాలికి వెనక గాడిలో స్ప్రింగు తీసేసి ఉక్కు పిన్ను వేయడం మేలు. పాదం ఒక హద్దు దాటి కిందికి పోదు, కండరాన్ని ఎవరూ లాగరు. ముందుగా మోకాలు చాచి ఉంచి, పాదాన్ని చేత్తో మెల్లగా పైకి నెట్టినప్పుడు 90 డిగ్రీలకు వస్తుందో లేదో చూడాలి. రాకపోతే బలవంతంగా తెచ్చి బిగించకూడదు. వచ్చినంత వరకే ఉంచి, మడమ కింద మిగిలిన ఖాళీని హీల్ వెడ్జ్‌తో (ఏటవాలుగా ఉండే మడమ ముక్కతో) నింపాలి. బిగువు తగ్గించే వైద్యం సంగతి ఫిజియాట్రిస్ట్‌ను (పునరావాస వైద్య నిపుణుణ్ణి) అడగండి.

ప్రశ్న: బూటులో పెట్టుకునే ప్లాస్టిక్ స్ప్లింట్ చీలమండ వెనక పగిలింది. 3 మిల్లీమీటర్ల బదులు 4 వేస్తామంటున్నారు. వేయించుకోనా?
– నిజామాబాద్

జవాబు: ఆ స్ప్లింట్‌లో చీలమండ వెనకున్న సన్నని భాగమే స్ప్రింగు. చదునైన పట్టీకి గట్టిదనం మందం ఘనంతో (మందం × మందం × మందం) పెరుగుతుంది. అంటే 3 నుంచి 4కు వెళ్తే రెండింతలు దాటుతుంది, మొదటి ప్రశ్నలోని మోకాలి తంటా మీకూ మొదలవుతుంది. ముందు పగులు ఎక్కడ మొదలైందో చూడండి. అంచులో రంపపు గాటు కనిపిస్తే తప్పు మందానిది కాదు, నునుపు చేయని అంచుది. కొత్తదాన్ని మొదట కాస్త వెడల్పుగానే ఉంచి, నడిపించి చూస్తూ కొద్దికొద్దిగా అరగదీయించుకోండి. తీసేసిన ప్లాస్టిక్ మళ్లీ అతకదు. వంగేచోట రివెట్లు కొట్టనివ్వకండి. వాడుతుండగా ఆ భాగంలో తెల్లటి గీత కనిపిస్తే పగులు దగ్గరపడినట్టే, వెంటనే చూపించండి.

ప్రశ్న: కాలిపర్‌ను పిక్కకు కట్టే పట్టీ పైకీ కిందికీ జారి చర్మం ఒరుసుకుపోతోంది.
– తెనాలి

జవాబు: పట్టీని బిగిస్తే పోయేది కాదది. జాయింటు ఇరుసు చీలమండ ఇరుసుతో కలవడం లేదు. లోపలివైపు చీలమండ ఎముక కింది కొన మట్టానికి జాయింటు మధ్యభాగం రావాలి. కాస్త పైనో కిందో ఉంటే ప్రతి అడుగుకూ పట్టీ జారుతుంది. పట్టీ పై అంచు మోకాలి బయటివైపు తగిలే ఎముక గుబ్బకు కనీసం 2 సెంటీమీటర్లు కిందుండాలి. అక్కడి నరం నొక్కుకుంటే బాగున్న పాదం కూడా వేలాడిపోగలదు.

ప్రశ్న: ఇంట్లో బూటు లేకుండా కాలిపర్ వాడొచ్చా?
– అనంతపురం

జవాబు: బూటుకు బిగించినదైతే వీలుకాదు. ప్లాస్టిక్‌దైతే ఏ మడమ ఎత్తుకు సరిచేశారో అదే ఎత్తున్న వెనకపట్టీ చెప్పులు ఇంట్లో వేసుకోండి. చెప్పుల్లేకుండా స్ప్లింట్‌తోనే నడిస్తే పిక్కఎముక వెనక్కి వాలి మోకాలు వెనక్కి విరుచుకుంటుంది, పైగా నున్నటి గచ్చుమీద ప్లాస్టిక్ జారుతుంది. మధుమేహంతో స్పర్శ తగ్గినవారు మొదటి రోజు గంటకు మించి వేసుకోకండి. విప్పాక కనిపించిన ఎరుపు అరగంటలో పోకపోతే, ఆ చోటికి పెన్నుతో గుర్తుపెట్టి తయారుచేసినవారి దగ్గరకు తీసుకెళ్లండి.