నవ్వితే చేతిలో గ్లాసు జారిపోతోంది

ప్రశ్న: మాది గుంటూరు. అమ్మాయికి 16 ఏళ్లు. విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో ఏడాది చదువుతోంది. క్లాసులో కునికిపాట్లు పడుతోందని ఏడాదిగా లెక్చరర్లు ఫోన్లు చేస్తున్నారు. సెలవుల్లో ఇంట్లో పది గంటలు పడుకున్నా అంతే. పకపకా నవ్విందంటే చేతిలో గ్లాసు జారిపోతుంది. గుండెల మీద ఎవరో కూర్చున్నారని అర్ధరాత్రి ఏడుస్తుంది. వాళ్ల నాన్న బద్ధకం అంటారు. అత్తగారు తాయెత్తు కట్టించారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఈ మూడూ కలిపి చూస్తే నార్కోలెప్సీ అనే నిద్రజబ్బును అనుమానించాలి. ఉత్తరం చదివి తేల్చలేం గానీ, న్యూరాలజిస్టుకు చూపించడం ఇక ఆలస్యం చేయకండి. గుంటూరు జీజీహెచ్‌లోనూ న్యూరాలజీ విభాగం ఉంది.

ఈ జబ్బు ఎక్కువగా 10 నుంచి 25 ఏళ్ల మధ్య, అంటే సరిగ్గా చదువుల వయసులోనే మొదలవుతుంది. ముందు కనబడేది పగటినిద్ర. నవ్వినప్పుడు పట్టు సడలడం కొన్ని నెలలకో, ఏళ్లకో తోడవుతుంది. ఈలోగా అందరూ హాస్టల్ నిద్రలేమి అనుకుంటారు, పిల్లలు తిట్లు తింటారు. చాలామందికి జబ్బు బయటపడేసరికి ఏళ్లు గడిచిపోయేది ఇందుకే.

గ్లాసు జారడాన్ని కాటాప్లెక్సీ అంటారు. దవడ వేలాడుతుంది, మాట ముద్దగా వస్తుంది, మోకాళ్లు వంగిపోతాయి, కానీ స్పృహ పోదు. దీన్ని ఫిట్స్ అని పొరబడుతుంటారు. మనల్ని మెలకువగా ఉంచే హైపోక్రెటిన్ అనే రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాలు నశించడం వల్ల ఇలా అవుతుంది. మామూలుగా గంట, గంటన్నరకు వచ్చే కలల నిద్ర వీళ్లకు కన్ను మూసిన పావుగంటలోపే వచ్చేస్తుంది. ఆ నిద్రలో ఒళ్లు కదలదు. సగం మెలకువలో అదే పరిస్థితి వస్తే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టే ఉంటుంది. పాప అబద్ధం చెప్పడం లేదు.

ఒకసారి తన నోట్సు తిరగేయండి. మధ్యలో అక్షరాలు గీత దిగి పాకుతూ గీతలుగా మారాయా? నిద్రలోకి జారుతూ రాసిన రాత అలాగే ఉంటుంది. ఆ పేజీ డాక్టరుకు చూపించండి. నవ్వినప్పుడు పట్టు సడలడం ఫోన్‌లో వీడియో తీయగలిగితే ఇంకా మేలు. రెండు వారాలపాటు ఎప్పుడు పడుకుందో, ఎప్పుడు లేచిందో రాసిపెట్టండి. గురక ఉందా, జలుబు మాత్రలేమైనా వాడుతోందా అన్నదీ చెప్పండి. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు ఎలాగూ చేయిస్తారు.

అసలు పరీక్షకు స్లీప్ ల్యాబ్‌లో ఒక రాత్రి, మరుసటి పగలు ఉండాలి. పగలు రెండేసి గంటల తేడాతో నాలుగైదుసార్లు పడుకోబెడతారు. సగటున 8 నిమిషాల్లోపే నిద్రపట్టి, కలల నిద్ర కనీసం రెండుసార్లు త్వరగా వస్తే నార్కోలెప్సీ వైపు మొగ్గుతారు. పగటి పరీక్ష అన్ని ల్యాబుల్లో ఉండదు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ముందు రాత్రుళ్లు చదువు పేరుతో మేలుకుంటే ఫలితం తప్పుతుంది. డిప్రెషన్ మందులేవైనా వాడుతుంటే డాక్టరు చెప్పకుండా ఆపకండి.

జబ్బు పూర్తిగా పోదు గానీ మందులతో బాగా అదుపులో ఉంటుంది. ఈలోగా స్కూటీ ఇవ్వకండి, కాలవలో ఈతకు పంపకండి, పొయ్యి దగ్గర ఒంటరిగా వదలకండి. మధ్యాహ్నం భోజనమయ్యాక 20 నిమిషాలు పడుకోనిమ్మని డాక్టరు చేత చీటీ రాయించి ప్రిన్సిపాల్‌కు ఇవ్వండి. ఆ కాసేపటి నిద్రతో తర్వాతి క్లాసు వినగలుగుతుంది. ఆస్పత్రికి వాళ్ల నాన్నను కూడా తీసుకెళ్లండి, డాక్టరు చెప్పేది ఆయన స్వయంగా వినాలి.