చీర మీద చొక్కా: ఇల్లు, ప్రయాణం, ఫ్యాషన్ నా బొమ్మల్లోకి వచ్చిన దారి

మీరు అనంతపురంలో ఉంటూ బొమ్మలు వేస్తున్నానని, ఏది వేసినా ఫోనులో చూసినదానిలాగే వస్తోందని రాశారు. ఇల్లు, ప్రయాణం, ఫ్యాషన్ చిత్రకారుల పనిని నిజంగా మారుస్తాయా, దూరం వెళ్తే సొంత శైలి దొరుకుతుందా అని అడిగారు. మారుస్తాయి. అయితే నా విషయంలో ఈ మూడూ విడివిడిగా రాలేదు, బట్టను పట్టుకునే వచ్చాయి. అందుకే బట్ట గురించే ఎక్కువ చెబుతాను.

మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. ఇంటి ప్రభావం అనగానే ఇంటినో ఊరినో బొమ్మగా వేయడం అనుకుంటారు చాలామంది. నేను మగ్గాన్ని ఎప్పుడూ బొమ్మ వేయలేదు. కానీ నేను రంగు వేసే తీరు మగ్గం దగ్గర చూసినదే. పడుగు (నిలువు దారం) ఒక రంగు, పేక (అడ్డ దారం) ఇంకో రంగు పెట్టి నేస్తే, చీర కదిలినప్పుడల్లా రంగు మారుతుంది. నీలం మీద ఆకుపచ్చ పడితే నెమలికంఠం. అక్కడ రెండు రంగులు కలిసిపోవు. పక్కపక్కనే ఉంటాయి, కలిపి చూసేది మన కన్ను. నేను కూడా పళ్లెంలో రంగులు కలపడం బాగా తగ్గించి, సన్నటి గీతలుగా నిలువునా అడ్డంగా ఒకదాని పక్కన ఒకటి వేస్తాను. 1880లలో ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ సోరా చుక్కలతో ఇదే చేశాడని కాలేజీలో చదివినప్పుడు చాలా సంతోషం వేసింది, ఎందుకంటే ఆ సంగతి మా ఇంటి చీకటి గదిలో పట్టు మెరుస్తుంటే నేను ముందే చూశాను.

ఇంకొకటి, గీత. చీర డిజైన్‌ను ముందు గ్రాఫు కాగితం మీద గళ్లు నింపుతూ గీస్తారు. దాన్ని బట్టి జకార్డు అట్టలకు, అంటే ఏ దారం పైకి లేవాలో మగ్గానికి చెప్పే అట్టలకు, రంధ్రాలు కొడతారు. ఎంత గుండ్రని పువ్వయినా ఆ గళ్లలో మెట్లు మెట్లుగానే దిగుతుంది. నా గీతలో ఆ మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని నునుపు చేయమని సలహా ఇచ్చినవాళ్లున్నారు, నేను చేయలేదు.

ప్రయాణాల్లో నాకు ఎక్కువ పనికొచ్చినది గుజరాత్‌లోని కచ్. భుజ్ దగ్గర అజ్రఖ్‌పూర్ అనే ఊరుంది. 2001 భూకంపం తర్వాత అజ్రఖ్ అద్దకం, అంటే చెక్క అచ్చులతో సహజ రంగులు అద్దే పని, చేసే కుటుంబాలు కట్టుకున్న ఊరు అది. అక్కడ ఇనుప ముక్కలను బెల్లంతో నీళ్లలో పులియబెట్టి నలుపు తయారుచేస్తారు. కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెట్టిన బట్ట మీద ఆ ఇనుప నీళ్లు పడగానే నల్లబడుతుంది. మన శ్రీకాళహస్తి కలంకారీలో వాడే కసిం అనే నలుపు కూడా ఇదే పద్ధతి! అంత దూరం వెళ్లాక గానీ, మన సీమలోనే ఉన్న నలుపును దగ్గరగా చూడాలన్న కోరిక పుట్టలేదు. తిరిగి వచ్చి నేరుగా శ్రీకాళహస్తి వెళ్లాను. ట్యూబు నలుపు గుడ్డ మీద పైపైన కూర్చుంటుంది, కసిం నూలులోకి ఇంకుతుంది. అప్పటి నుంచి నేను కాన్వాసు మీద కాకుండా కోరా నూలుబట్ట మీదే వేస్తున్నాను. ప్రయాణం నాకు కొత్త దృశ్యాలు ఇచ్చిందని చెప్పలేను, నేను వాడే రంగును, బట్టను మార్చింది.

దూరం వెళ్లినా సొంత నేలనే వేసిన చిత్రకారుడు తోట వైకుంఠం గారి సంగతి చూడండి. ఆయన గుజరాత్‌లోని బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నారు. కానీ ఆయన పేరు చెప్పగానే మనకు గుర్తొచ్చేది తెలంగాణ పల్లె ఆడవాళ్లు, వాళ్ల చీరల రంగులు, పెద్ద బొట్టు.

ఇక ఫ్యాషన్. దీన్ని తక్కువగా చూసే చిత్రకారులతో నాకు అస్సలు పడదు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు కింద నిలబడి చూడండి. పదహారో శతాబ్దంలో అచ్యుతరాయల కాలంలో వేసిన చిత్రాలవి. ఎర్రటి నేపథ్యం, నల్లటి గీత, పెద్ద కళ్లు. పక్కపక్కన నిలబడిన ఆడవాళ్ల చీరలు చూస్తే ఒకదానికి గళ్లు, ఇంకోదానికి చారలు, మరోదానికి పూలు. మగవాళ్ల తలల మీద పొడవాటి కుళ్లాయిలు. అక్కడ వేసిన పార్వతి పెళ్లి పురాణ కథే కావచ్చు, పెళ్లికి వచ్చినవాళ్లు మాత్రం విజయనగర కాలపు జనం. చిత్రకారులు తమ కళ్లెదుట ఉన్న ఫ్యాషన్‌నే వేశారు. ఆనాటి జనం ఏం కట్టుకున్నారో ఈ రోజు మనం అంత వివరంగా చూడగలుగుతున్నది అందుకే.

మరి మనం ఏం వేస్తున్నాం? పల్లె ఆడమనిషి అంటే ఇప్పటికీ చంకన బిందె, నేత చీర, కొప్పులో పూలు. మన వేరుశనగ చేలల్లోకి వెళ్లి చూడండి. ఎండకు తట్టుకోవడానికి చీర మీద ఇంట్లో మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని పనిచేస్తుంటారు. కింద పూల చీర, పైన గళ్ల చొక్కా, తలమీద చారల తువ్వాలు. లేపాక్షిలో పక్కపక్కన ఉన్నవన్నీ ఇక్కడ ఒకే మనిషి మీద ఉన్నాయి. చాలాకాలంగా నేను వేస్తున్నది ఆ ఆడవాళ్లనే. చొక్కా వల్ల అందం పోయిందని నా బొమ్మలు చూసిన కొందరన్నారు. ఆ చొక్కా తీసేస్తే బొమ్మలోంచి ఎండ కూడా పోతుందని నా నమ్మకం.

పెళ్లిళ్లకు లేత రంగుల చీరలు అడగడం పెరిగాక మా ఇంట్లో పట్టు రంగులు మారాయి, వాటితో పాటు నా లేత గులాబీలూ వచ్చాయి. అందులో తప్పేమీ లేదు.

మీరు దూరం వెళ్లండి, వద్దనను. కానీ ముందు లేపాక్షి చూడండి, హిందూపురం నుంచి దాదాపు 15 కిలోమీటర్లే. చిన్న అద్దం తీసుకెళ్లి దాన్ని అరచేతిలో పెట్టుకుని పైకప్పును చూస్తే మెడ నొప్పి పుట్టదు, ఒక్కో చీరనూ తాపీగా గీసుకోవచ్చు. ఆ తర్వాత ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు వెళ్లండి, తోలుబొమ్మలు చేసే ఊరు. 2020లో పద్మశ్రీకి ఎంపికైన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. అక్కడి కళాకారుల ఇళ్లలో మరాఠీ మాట్లాడతారు, అంటే మనం సొంతం అనుకునే ఆ కళ కూడా ఎప్పుడో ప్రయాణం చేసి వచ్చిందే. మేకతోలు మీద ఉలితో చిన్న చిన్న రంధ్రాలు కొట్టి నగలు, చీర అంచులు తీరుస్తారు. బొమ్మను ఒకసారి వెలుతురుకు ఎదురుగా పట్టి చూపించమని అడగండి. రంగు వేయకుండా వదిలిన చోటు ఎంత పని చేస్తుందో తెలుస్తుంది. ఆ రెండు చోట్లా ఫోను సంచిలోనే ఉంచి, పెన్సిలుతో గీసుకోండి. మీకు వీలైనప్పుడు కచ్ కూడా వెళ్లండి, చలికాలంలో అయితే మేలు.